హారం ఎక్కడ?

పోటీ పరీక్ష ఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రిక తీస్తే మొదటి పేజీలో వార్తలుండవు, ర్యాంకులుంటాయి. 1, 2, 2, 5, 7, 9 అంటూ పేజీ నిండా పిల్లల ఫోటోలు, ఒక్కో ముఖం కింద ఒక్కో అంకె. కొన్నేళ్ల కిందట అలాంటి ప్రకటనను మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, కొడుకు ఇంటర్ ఫీజు కోసం అరెకరం బేరం పెట్టిన ఒక రైతు నాకు తారసపడ్డాడు. "ఇంతమందికి ర్యాంకులొచ్చిన చోట మావాడికి ఒకటి రాదా సార్?" అని అడిగాడు. కొడుకు మీద ఆశతో, చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితంతో ఆయన వేసుకున్న లెక్క అది. అందులో ఒక ముక్క తక్కువైంది. మొత్తం ఎంతమంది చేరితే ఇంతమందికి ర్యాంకులొచ్చాయి? ప్రకటన అంతా వెతికాను. ఆ ముక్క ఎక్కడా లేదు.

ఐదో తరగతిలో మనమంతా భిన్నాలు నేర్చుకున్నాం. అడ్డగీత పైన ఉండేది లవం, కింద ఉండేది హారం. పరీక్ష అయిపోగానే దాన్ని పుస్తకంలోనే వదిలేశాం. కానీ పెద్దయ్యాక మనల్ని ఒప్పించడానికి, భయపెట్టడానికి, మన చేత కొనిపించడానికి వాడే అంకెల్లో చాలావాటికి గీత పైభాగమే చూపిస్తారు. కింది భాగం మనం అడిగితే తప్ప బయటికి రాదు.

ఈ అధ్యాయం మీకు నేర్పాలనుకునేది ఒకే ఒక్క అలవాటు. ఏ అంకె ఎదురైనా "దీని హారం ఎక్కడ?" అని వెతకడం. గణాంక శాస్త్రమంటే పెద్ద పెద్ద సూత్రాలని బెదిరిపోయేవాళ్లు ఆ బెదురు పక్కన పెట్టండి. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

ర్యాంకుల లెక్క

రెండు కాలేజీలు ఉన్నాయనుకుందాం. మొదటిదానికి రాష్ట్రమంతటా శాఖలు. అందులో 40,000 మంది పరీక్ష రాస్తే 200 మందికి మంచి ర్యాంకులు వచ్చాయి. రెండోది పక్క పట్నంలోని చిన్న కాలేజీ. 400 మంది రాస్తే 10 మందికి వచ్చాయి. పత్రికలో 200 ఫోటోల పక్కన 10 ఫోటోలు వెలవెలబోతాయి. ఇప్పుడు భాగించి చూడండి. పెద్ద కాలేజీలో 200 మందికి ఒక ర్యాంకు. చిన్న కాలేజీలో 40 మందికి ఒకటి.

హారం దొరికాక ఇంకో మెట్టు దిగాలి. ఆ 200 మంది ఎవరు? చాలాచోట్ల ముందే ఒక పరీక్ష పెట్టి, చురుకైన పిల్లల్ని ఏరి, ప్రత్యేక బ్యాచీలో కూర్చోబెట్టి చదివిస్తారు. అలాంటప్పుడు ర్యాంకు చదువు చెప్పినందుకు వచ్చిందా, ఏరుకున్నందుకు వచ్చిందా తేల్చలేం. కాబట్టి మీ పిల్లవాణ్ణి చేర్పించే ముందు ఇలా అడగండి: "మావాడికి పదో తరగతిలో వచ్చిన మార్కులే వచ్చి, వాడు చేరబోయే బ్యాచీలోనే నిరుడు చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమందికి సీటు వచ్చింది?" జవాబు దొరికితే అదే మీకు పనికొచ్చే అంకె. దొరకకపోతే ప్రకటనను పూర్తిగా పక్కన పెట్టి, పాఠం చెప్పే మాస్టార్లను, హాస్టల్‌ను, ఇంటికి దూరాన్ని చూసి నిర్ణయించండి.

వడ్డీ లెక్క

మన ఊళ్లలో వడ్డీ మాట రూపాయల్లో నడుస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24. బ్యాంకు చెప్పే 11 శాతం మాత్రం ఏడాది లెక్క. ఒకదాని వెనక నెల, ఇంకోదాని వెనక ఏడాది ఉన్నాయని గుర్తించకుండా రెండింటినీ పోలిస్తే ఇల్లు గుల్లవుతుంది.

తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునే ఒక తల్లి రోజువారీ ఫైనాన్స్ తీసుకుందనుకుందాం. కాగితం మీద అప్పు 10,000. వెయ్యి ముందే పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "పది వేలకు వెయ్యి, అంటే పది శాతమేనమ్మా" అంటారు. ఆ మాటలో హారం తప్పు. పది వేలు ఆమె చేతిలో ఒక్క రోజు కూడా లేవు. మొదటి రోజు 9,000 ఉన్నాయి, ఆ తర్వాత రోజూ తగ్గుతూ వచ్చి చివరికి సున్నా అయింది. 100 రోజుల మీద సగటున ఆమె వాడుకున్న సొమ్ము 4,500 ప్రాంతం. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి కట్టింది. అంటే ఆరు రూపాయలు దాటిన వడ్డీ. ఏడాదికి చూస్తే 75 శాతం పైమాటే. అవసరం కొద్దీ ఆమె ఆ అప్పు తీసుకోవచ్చు. కానీ అది పది శాతం కాదని తెలిసి తీసుకోవడం ఆమె హక్కు.

అందుకే శాతం అన్న మాట చెవిన పడగానే రెండు ప్రశ్నలు వేయాలి. దేనిలో శాతం? ఎంత కాలానికి శాతం? నగల దుకాణం మజూరీ మీద 50 శాతం తగ్గింపు అంటుంది. లక్ష రూపాయల బంగారానికి మజూరీ 16,000 అనుకుంటే తగ్గేది 8,000. మొత్తం బిల్లులో అది 7 శాతం లోపే. ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4 శాతానికి తగ్గిందని వార్త వస్తుంది. ధరలు తగ్గాయని దాని అర్థం కాదు. నిరుడు 100 రూపాయలకు వచ్చిన సరుకు ఇప్పుడు 104 అయింది, పెరిగే వేగం మాత్రం మందగించింది. ఈ ఒక్కటి తెలిస్తే మన సంచీ ఒకటి చెబుతుంటే టీవీ ఇంకోటి చెబుతున్నట్టు అనిపించదు.

తిరిగి రాని విమానాలు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గణాంక నిపుణుల బృందమొకటి సైన్యానికి సాయపడేది. అందులో అబ్రహం వాల్డ్ ఒకరు. బాంబర్ విమానాలకు ఎక్కడ దెబ్బ తగిలితే కూలుతాయో ఆయన తేల్చాలి. చేతిలో ఉన్నవి దాడికి వెళ్లి తిరిగొచ్చిన విమానాల లెక్కలు మాత్రమే. వాటి మీద తూటా రంధ్రాలు కొన్ని భాగాల్లో ఎక్కువగా, ఇంజిన్ దగ్గర తక్కువగా ఉంటే రక్షణ కవచం ఎక్కడ బిగించాలి? రంధ్రాలు ఎక్కువున్న చోటే అని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ లెక్క కట్టిన తీరు అందుకు ఎదురు తిరిగింది. ఇంజిన్‌కు దెబ్బ తగిలినవి తిరిగి రాలేదు కాబట్టే మన ముందున్న వాటికి అక్కడ రంధ్రాలు తక్కువ. కూలిపోయిన విమానాలను హారంలో చేర్చుకుంటే తప్ప నిజం కనబడదు. వాల్డ్ 1950 డిసెంబరులో ఉపన్యాసాల కోసం భారతదేశానికి వచ్చి, నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలోనే మరణించారు.

ఆయన నేర్పిన పాఠం ఈ రోజు మన సెల్‌ఫోన్లలో అక్కరకొస్తుంది. ఆప్షన్స్ ట్రేడింగ్‌లో ఒక్క పూటలో 80,000 సంపాదించానని ఎవరో స్క్రీన్‌షాట్ పెడతారు. అది తిరిగొచ్చిన విమానం. పోగొట్టుకున్నవాళ్లు ఫోటోలు పెట్టరు. వాళ్లను కూడా కలిపి లెక్కపెట్టిన సంస్థ ఒకటి ఉంది. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షలు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. మీ ఇంట్లో ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలుంటే ఈ పేరా వాళ్లకు చదివి వినిపించండి.

చదువు మానేసి కోట్లు గడించినవాడి కథ విన్నప్పుడు, ఉద్యోగం వదిలి సినిమాల్లో వెలిగినవాడి ఇంటర్వ్యూ చూసినప్పుడు కూడా ఇదే ప్రశ్న. ఆ దారిన బయల్దేరిన వాళ్లు మొత్తం ఎంతమంది? మిగతావాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?

ఒక్క మెతుకు చాలు, గరిటె తిప్పితే

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెడు అన్నం తినక్కర్లేదు. ఒక్క మెతుకు పట్టుకుని నొక్కితే చాలు. మన పెద్దలు దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టారు. సర్వే అనేది అక్షరాలా ఇదే. పది కోట్ల మంది సంగతిని కొన్ని వేల మందిని అడిగి చెప్పడం మోసమేమీ కాదు. కానీ అడుగున మాడి, పైన పలుకుగా ఉన్న గిన్నెలో పైనున్న మెతుకే పట్టుకుంటే తీర్పు తప్పుతుంది.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి రూజ్‌వెల్ట్ ఓడిపోతారని ప్రకటించింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. పత్రిక చిరునామాలు తీసుకున్నది చాలావరకు టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. ఆ మాంద్యపు రోజుల్లో అవి ఉన్నవాళ్లు కలిగినవాళ్లు. పైగా అభిప్రాయం గట్టిగా ఉన్నవాళ్లే కార్డు తిరిగి పంపుతారు. అంతకంటే ఎంతో తక్కువ మందిని, కానీ అన్ని వర్గాల నుంచీ ఎంచి అడిగిన జార్జ్ గాలప్ ఫలితాన్ని సరిగ్గా చెప్పారు. ఎంతమందిని అడిగారన్న దానికంటే ఎవరిని ఎలా ఎంచారన్నది ముఖ్యం. యూట్యూబ్ చానల్ పెట్టే పోల్‌లో లక్ష ఓట్లు పడ్డా, అది ఆ చానల్ చూసేవాళ్ల మాటే తప్ప రాష్ట్రం మాట కాదు.

ఇది రైతు బతుక్కి నేరుగా తగిలే విషయం. పంటల బీమాలో నష్టం ఎంతో తేల్చడానికి పంట కోత ప్రయోగాలు చేస్తారు. వరి అయితే ఎంపికైన మడిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున చదరం గీసి, అందులో పంట కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ గింజల తూకమే ఊరంతటి దిగుబడికి ఆధారం. ఏ సర్వే నంబరులో, మడిలో ఏ మూల కొయ్యాలో లాటరీ పద్ధతిలో తేలాలి. కాలువ పక్కన పచ్చగా ఉన్న మడిని ఎవరైనా కంటితో చూసి ఎంచితే, చివరి ఆయకట్టులో ఎండిపోయిన పొలాలన్నీ లెక్కలోంచి జారిపోతాయి. కోత రోజున రైతులు పొలం దగ్గర నిలబడి, ఈ మడిని ఎలా ఎంచారని అడగడం గణాంక విద్యలో మొదటి పాఠం.

దేన్ని లెక్కపెట్టారు?

2021 నవంబరులో దేశమంతటా ఒక వార్త మార్మోగింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ప్రతి 1,000 మంది పురుషులకు 1,020 మంది స్త్రీలు ఉన్నారని తేలింది, ఆడపిల్లల కొరత తీరిందని చాలామంది సంబరపడ్డారు. 2011 జనగణనలో ఆ సంఖ్య 943. పదేళ్లలో అంత మార్పు ఎలా వచ్చింది? జనగణన దేశమంతటినీ లెక్కపెడుతుంది. ఆ సర్వే సుమారు 6.4 లక్షల ఇళ్లకు వెళ్లి, ఆ ఇళ్లలో ముందు రాత్రి ఉన్నవాళ్లను లెక్కించింది. పని కోసం వలస వెళ్లి షెడ్లలో, హాస్టళ్లలో, బ్యారకుల్లో పడుకునే మగవాళ్లు అలాంటి లెక్కకు సులువుగా దొరకరు. పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ. ఆడపిల్లల సంగతి తెలుసుకోవాలంటే అదే సర్వేలో పక్కనే ఉన్న ఇంకో అంకె చూడాలి. గడిచిన ఐదేళ్లలో పుట్టిన ప్రతి 1,000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 929. సంబరానికి ఆ అంకె ఒప్పుకోదు.

నిరుద్యోగం సంగతి చూడండి. వారం లెక్కన కొలిచేటప్పుడు, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా గంటసేపు పనిచేసిన మనిషి పని ఉన్నవాడి కిందే లెక్క. వెతికి వెతికి విసిగి, ఇక పనే వద్దనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు హారంలోనే ఉండరు. ఇది అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలత, అందులో దాపరికం లేదు. కానీ ఆ నిర్వచనం తెలియకుండా అంకె గురించి వాదించుకోవడం వృథా.

నేరాలూ అంతే. కేరళలో జనాభాతో పోల్చితే నమోదైన నేరాలు చాలా రాష్ట్రాల కంటే ఎక్కువ. అక్కడ మనుషులు చెడ్డవాళ్లా, లేక ఫిర్యాదు ఇవ్వడం, పోలీసులు దాన్ని రాసుకోవడం ఎక్కువా? నేరాలు పెరగడం, నేరాల నమోదు పెరగడం వేర్వేరని జాతీయ నేర గణాంకాల సంస్థే తన నివేదికల్లో హెచ్చరిస్తుంది. ఒక ఊళ్లో మహిళలకు ధైర్యమిచ్చే బృందం వచ్చాక ఫిర్యాదులు పెరిగితే, అది మంచి కబురే కావచ్చు.

రాజకీయాల్లో వేడి పుట్టే చోట కూడా ఈ ప్రశ్న చల్లగా పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 175లో 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే వచ్చాయి, సీట్లు 11. సీట్లు చూస్తే రెండుసార్లూ ఓడిన పార్టీ ఊడ్చుకుపోయింది. ఓట్లు చూస్తే రెండుసార్లూ పదిమందిలో నలుగురు వాళ్ల వైపే ఉన్నారు. మీకు నచ్చని పార్టీకి ఓటేసినవాళ్లు మీ వీధిలోనే ఉన్నారని గుర్తుపెట్టుకోవడానికి ఈ రెండు అంకెలు చాలు.

సగటు మనిషి ఎవరు?

తలసరి ఆదాయంలో తెలంగాణలో రంగారెడ్డి జిల్లా ముందుంటుంది. గచ్చిబౌలి ఐటీ భవనాలు ఉన్న శేరిలింగంపల్లి ఆ జిల్లాలోదే. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే తలసరి వస్తుంది. ఆ సొమ్ము ఎవరి ఇంటికి చేరిందో ఆ భాగహారం చెప్పదు. అదే జిల్లాలో కూరగాయలు పండించే రైతుకు ఆ అంకె చూపిస్తే తన ఇల్లు అందులో ఎక్కడుందని అడుగుతాడు.

ఒక ఆఫీసులో తొమ్మిది మందికి నెలకు 20,000, యజమానికి 3,20,000 అనుకోండి. సగటు 50,000. ఆ జీతం అక్కడ ఒక్కరికీ లేదు. పదిమందినీ జీతాల వరసలో నిలబెట్టి నడిమి మనిషిని అడిగితే 20,000 అంటాడు. దీన్ని మన బడి పుస్తకాలు మధ్యగతం అన్నాయి. జీతాలు, భూములు, ఇళ్ల ధరల గురించి సగటు చెప్పినప్పుడు మధ్యగతం ఎంత అని అడగండి. రెండూ దగ్గరగా ఉంటే సగటును నమ్మవచ్చు. దూరంగా ఉంటే కొద్దిమంది సొమ్ము సగటును పైకి లాగుతోందని అర్థం.

రెట్టింపు అంటే ఎంత?

1995లో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వెలువడింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలు వాడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. 100 శాతం పెరుగుదల అన్న మాట విని వేలమంది స్త్రీలు మాత్రలు మానేశారు. ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, పాత మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి వచ్చే ప్రమాదం కొత్తవాటితో ఇద్దరికి వస్తుందని. 7,000 మందికి ఒకరు అదనం. ఆ భయం వల్ల మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గర్భం దాల్చితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కంటే ఎక్కువ. హారం చెప్పని ఒక్క వాక్యం అంత పని చేసింది.

వైద్య పరీక్షల్లోనూ జాగ్రత్త అవసరం. ఒక జబ్బు 1,000 మందిలో 10 మందికి ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్న పదిమందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో నూటికి తొమ్మిది మందికి పొరపాటున ఉందని చూపిస్తుంది. లక్షణాలేవీ లేని 1,000 మందికి క్యాంపులో పరీక్ష చేస్తే, నిజంగా జబ్బున్నవాళ్లు 9 మంది, లేనివాళ్లు 89 మంది పాజిటివ్‌గా తేలతారు. అంటే పాజిటివ్ వచ్చిన పదకొండు మందిలో సుమారు ఒకరికే జబ్బు. కాబట్టి మొదటి రిపోర్టు చూసి కుప్పకూలకండి, నిర్లక్ష్యమూ చేయకండి. డాక్టరును అడగండి: "నాలాంటి 100 మందికి ఈ ఫలితం వస్తే ఎంతమందికి నిజంగా జబ్బు ఉంటుంది? నిర్ధారించే పరీక్ష ఏది?"

కాకి వాలింది, తాటిపండు పడింది

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు పడిందనుకోకూడదని కాకతాళీయ న్యాయం చెబుతుంది. ఆ మాట మన నోళ్లలో రోజూ నానుతున్నా ఆ జాగ్రత్త మాత్రం మరిచిపోతాం. 2021 మే నెలలో కరోనా మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలమంది బారులు తీరారు. వాడి కోలుకున్నామని చాలామంది చెప్పారు. వాళ్లు అబద్ధమాడలేదు. కానీ కరోనా సోకిన వాళ్లలో అత్యధికులు ఏ మందూ లేకున్నా కోలుకునేవాళ్లే. కోలుకున్నవాళ్ల సాక్ష్యం ఒక్కటే పట్టుకుంటే ఏ మందు సంగతీ తేలదు.

ఇలాంటప్పుడు ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. వాడి కోలుకున్నవాళ్లు, వాడినా కోలుకోనివాళ్లు, వాడకుండా కోలుకున్నవాళ్లు, వాడక కోలుకోనివాళ్లు. మనకు కథలుగా వినిపించేది మొదటి గడి ఒక్కటే. మిగతా మూడూ నిండేదాకా తీర్పు చెప్పకండి. కషాయం, జాతకం, కోచింగ్, వాస్తు, ప్రభుత్వ పథకం, దేన్నైనా ఈ నాలుగు గళ్లలో పెట్టి చూడవచ్చు.

ఉప్పు చెప్పిన నిజం

ఇంతదాకా చదివాక అంకెలన్నీ అబద్ధాలేనన్న నిర్ణయానికి రావద్దు. అన్నీ నమ్మేవాడు, ఏదీ నమ్మనివాడు ఇద్దరూ ఆలోచించే శ్రమను తప్పించుకున్నవాళ్లే. బాగా అడిగితే అంకె ఎంత నిజం చెబుతుందో చూడటానికి ఒక కథ ఉంది.

ఆ కథను ప్రపంచానికి చెప్పినది మన తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో చేరారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే పుస్తకంలో ఆయన ఈ సంగతి రాశారు.

1947, విభజన అల్లర్ల కాలం. ప్రాణభయంతో వచ్చినవాళ్లు ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు భోజనం పెట్టే పనిని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు, వెళ్లి లెక్కపెట్టే పరిస్థితి లేదు, బిల్లులు మాత్రం కొండల్లా వస్తున్నాయి. గణాంక నిపుణులను పిలిచారు. వాళ్ల ముందున్నవి ఆ బిల్లులే: ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు. మనిషి సగటున ఏది ఎంత తింటాడో గృహ సర్వేల వల్ల వాళ్లకు తెలుసు. ఒక్కో సరుకునూ భాగించి చూశారు. బియ్యం లెక్కన చాలా ఎక్కువమంది తేలారు, ఉప్పు లెక్కన తక్కువమంది. బియ్యం ఖరీదైనది, ఎక్కువ రాసుకుంటే లాభం. ఉప్పు చవక, దాన్ని పెంచి రాసి మిగుల్చుకునేది ఏమీ లేదు. ఉప్పు లెక్కనే నమ్మాలన్న ఆలోచన గణాంక నిపుణుడు జె.ఎం. సేన్‌గుప్తాది. అబద్ధం చెబితే ఎవరికి లాభమో చూసి, లాభం లేని చోట నిజాన్ని వెతికారు వాళ్లు.

ఏడు రోజుల సాధన

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజుకు పది నిమిషాలు చాలు.

మొదటి రోజు పత్రికలో కనిపించిన ఒక అంకెను రాసి, దాని హారం వార్తలో ఉందో లేదో వెతకండి. రెండో రోజు మీ ఇంటి అప్పుల్లో ఒకదాని వడ్డీని ఏడాది లెక్కలోకి మార్చండి. మూడో రోజు వాట్సాప్‌లో వచ్చిన ఒక విజయ గాథకు, తిరిగి రాని విమానాలు ఎవరో రాయండి. నాలుగో రోజు ఒక సర్వే వార్త చదివి, ఎవరిని అడిగారో, ఎవరిని అడగలేదో గుర్తించండి. ఐదో రోజు టీవీలో ఒక గ్రాఫు చూసి, దాని నిలువు గీత సున్నా దగ్గర మొదలైందో లేదో చూడండి. 96 దగ్గర మొదలైతే గోరంత తేడా కొండంతగా కనిపిస్తుంది. ఆరో రోజు మీరు గట్టిగా నమ్మే ఒక విషయానికి నాలుగు గళ్లు గీయండి. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నచ్చని అంకెను నిలదీసినంత సులువుగా నచ్చిన అంకెను నిలదీయలేం. ఏడో రోజు ఈ ఆరింటిలో ఒకదాన్ని ఇంట్లో పిల్లలకు వివరించండి. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే అది మీకు వచ్చినట్టే.

చివరగా ఒక విన్నపం. 2011 తర్వాత మన దేశంలో జనగణన జరగలేదు. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా కేంద్రం ప్రకటించింది. మన బడులు, ఆస్పత్రులు, రేషను, నియోజకవర్గాలు అన్నిటి హారాలూ ఆ లెక్కలోంచే వస్తాయి. ఎన్యూమరేటరు మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. మంచం పట్టిన ముసలమ్మను, పసిబిడ్డను, ఇంట్లో ఉండి పనిచేసే మనిషిని, ఎవరినీ వదలకుండా చెప్పండి. వయసు, చదువు, పని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇతరుల లెక్కల్లో నిజాయితీ కోరే మనం ముందుగా నిజం చెప్పవలసిన చోటు అదే.